పాప్ స్మియర్ రిపోర్ట్ ఎటూ తేల్చనప్పుడు

పాప్ స్మియర్ అంటే గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి, క్యాన్సర్ ముందు మార్పులున్నాయేమో చూసే పరీక్ష. దాని రిపోర్ట్ చేతికి రాగానే అందరి కళ్లూ వెతికేది ఒకే ఒక్క మాట: నెగెటివ్. అది కనబడక, దాని బదులు ‘అన్‌శాటిస్‌ఫాక్టరీ’ అనో, ‘ఎటిపికల్ స్క్వేమస్ సెల్స్’ అనో, హెచ్‌పీవీ (ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్ష అయితే ‘ఇన్‌వాలిడ్’ అనో ఉంటే కొందరు ఆ రాత్రే క్యాన్సర్ వచ్చేసిందని ఖాయం చేసుకుంటారు. ఇంకొందరు ‘క్యాన్సర్ అని రాయలేదుగా, అంటే ఏమీ లేనట్టే’ అనుకుని కాగితం మడిచి లోపల పెట్టేస్తారు. మొదటివాళ్లకు నిద్ర పోతుంది, అంతే. రెండోవాళ్ల గురించే అసలు బెంగ.

ఎటూ తేలని రిపోర్టులన్నీ ఒక్క రకం కావు. శాంపిల్ చదవడానికే పనికిరాకపోవడం ఒకటి. శాంపిల్ శుభ్రంగానే ఉండి, అందులోని కణాలు అనుమానం పుట్టించడం ఇంకొకటి. వైరస్‌ను వెతికే యంత్రం ఫలితం ఇవ్వలేకపోవడం మూడోది. వీటికి తర్వాతి అడుగు వేరు, గడువు వేరు. మీది ఏ రకమో తెలియకుండా డాక్టర్ గదిలో కూర్చుంటే అక్కరలేని వైద్యం జరిగిపోవచ్చు, లేదా కావలసిన పరీక్ష జారిపోవచ్చు.

ముందు ఏ లైను చదవాలి

చాలా ల్యాబ్‌లు ఇప్పుడు బెథెస్డా పద్ధతిలో రిపోర్ట్ రాస్తాయి. 1988లో అమెరికాలోని బెథెస్డాలో జరిగిన సమావేశంలో దీన్ని రూపొందించారు, 2001లోనూ 2014లోనూ సవరించారు. అంతకుముందు నడిచిన ‘క్లాస్ 1’ నుంచి ‘క్లాస్ 5’ దాకా లెక్క పాతబడిపోయింది. మీ కాగితం మీద ‘క్లాస్ 2’ అని మాత్రమే ఉంటే, బెథెస్డా ప్రకారం రాసివ్వమని అడగండి. ‘క్లాస్ 2’ అన్న ఒక్క మాటతో తర్వాత ఏం చేయాలో ఎవరూ నిర్ణయించలేరు.

పేరు, వయసు, ల్యాబ్ నంబరు కింద మూడు భాగాలుంటాయి: శాంపిల్ ఏ రకం, దాని నాణ్యత ఎంత, చివర అభిప్రాయం. రకం అన్నచోట ‘కన్వెన్షనల్’ అని ఉంటే గాజు స్లైడ్ మీద అక్కడికక్కడే పూసినదని. ‘ఎల్‌బీసీ’ లేదా ‘లిక్విడ్ బేస్డ్’ అని ఉంటే బ్రష్‌ను ద్రవం ఉన్న చిన్న సీసాలో వేసి పంపారని, ల్యాబ్‌లో దాన్నుంచి పల్చటి పొరగా స్లైడ్ చేశారని. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. సీసాలో ఇంకా ద్రవం మిగిలుంటే మళ్లీ పరీక్ష బల్ల ఎక్కకుండానే కొన్ని పనులు జరిగిపోతాయి.

అందరూ చివరి భాగానికి దూకుతారు. ముందు చదవాల్సింది రెండోది, ‘స్పెసిమెన్ ఎడిక్వసీ’ అన్న లైను. నేరుగా పూసిన స్లైడ్‌లో స్పష్టంగా కనిపించే స్క్వేమస్ కణాలు (ముఖద్వారం బయటి పొర కణాలు) సుమారు 8,000 నుంచి 12,000 ఉండాలి, ఎల్‌బీసీలో కనీసం 5,000. ఎవరూ కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టరు. మైక్రోస్కోప్ కింద కొన్ని చోట్ల చూసి సగటు కట్టి అంచనా వేస్తారు. ఇక రెండో కొలత: ఉన్న కణాల్లో 75 శాతానికి మించి రక్తమో, చీము కణాలో, మ్యూకసో కప్పేస్తే శాంపిల్ అన్‌శాటిస్‌ఫాక్టరీ.

ఇక్కడో మినహాయింపు ఉంది, ఇది తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. అనుమానించదగ్గ కణాలు కనబడితే, మిగతా కణాలు ఎంత తక్కువున్నా, స్లైడ్ ఎంత మసకగా ఉన్నా, దాన్ని అన్‌శాటిస్‌ఫాక్టరీ అనకూడదు. కనబడినదాన్ని పేరు పెట్టి రాయాలి. కాబట్టి స్లైడ్ చూశాక అన్‌శాటిస్‌ఫాక్టరీ అని రాశారంటే, కనబడిన కాస్తలో చెడ్డది ఏదీ లేదు, కానీ ఆ కాస్త చూసి బాగుందని సంతకం పెట్టడానికి స్లైడ్ చదివే డాక్టర్ (పేథాలజిస్ట్) ఒప్పుకోలేదు. పనికిరాని శాంపిల్‌ను ‘నెగెటివ్’ అని రాసేసే ల్యాబ్ కన్నా ఇలా రాసే ల్యాబే నమ్మదగినది.

ఆ లైను పక్కనే కారణం ఉండాలి. ‘రిజెక్టెడ్’ అంటే స్లైడ్ అసలు చూడనేలేదు: సీసా మీద పేరు లేదు, ఫారం మీద పేరుతో కలవలేదు, ద్రవం కారిపోయింది, స్లైడ్ విరిగింది. ‘ప్రాసెస్డ్ అండ్ ఎగ్జామిన్డ్’ అని ఉంటే చూశారు, కానీ చాలలేదు. కారణం రాయకపోతే ల్యాబ్‌కు ఫోన్ చేసి అడగాల్సిందే. ఎందుకు పాడైందో తెలియకుండా రెండోసారి తీస్తే రెండోసారీ అలాగే పాడవుతుంది.

అదే చోట ‘ఎండోసెర్వైకల్, ట్రాన్స్‌ఫర్మేషన్ జోన్ కాంపొనెంట్ ఆబ్సెంట్’ అన్న వాక్యం కూడా చాలామందిని భయపెడుతుంది. గర్భాశయ ముఖద్వారం బయటి పొర, లోపలి పొర కలిసే వలయమే ఆ జోన్. క్యాన్సర్ ముందు దశలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. ఆ చోటి కణాలు కనీసం 10 ఉంటే ‘ప్రెజెంట్’ అని రాస్తారు. లేకపోయినంత మాత్రాన శాంపిల్ పనికిరానిది కాదు, వెంటనే మళ్లీ తీయించాల్సిన పనీ లేదు. 30 ఏళ్లు దాటినవాళ్లకు హెచ్‌పీవీ పరీక్ష చేస్తే ఆ లోటు చాలామటుకు తీరుతుంది.

శాంపిల్ ఎక్కడ పాడవుతుంది

ఈ భాగం కాస్త పొడుగవుతుంది. రెండోసారి పరీక్షకు వెళ్లేవాళ్లకు ఎక్కువ పనికొచ్చేది ఇదే.

ఎల్‌బీసీకి వాడే బ్రష్ చిన్న చీపురులా ఉంటుంది, మధ్యలో పొడవాటి కుచ్చు, ఇరువైపులా పొట్టివి. మధ్య కుచ్చు ముఖద్వారం రంధ్రంలోకి వెళ్లాలి, పక్కవి బయటి భాగానికి ఆని వంగాలి. అలా ఆనించి ఉంచి, గడియారం ముల్లు తిరిగే వైపుకే 5 చుట్లు తిప్పాలి. రక్తం వస్తుందేమోనని భయపడి ఒకటి రెండు చుట్లతో ఆపేస్తే కణాలు చాలవు. ఆ తర్వాత చేసే పని కంపెనీని బట్టి మారుతుంది. థిన్‌ప్రెప్ సీసా అయితే బ్రష్‌ను అడుగుకు 10 సార్లు గట్టిగా అదిమి, చివర గిరగిరా తిప్పి, బ్రష్ పారేయాలి. ష్యూర్‌పాత్ అయితే బ్రష్ తలను ఊడదీసి సీసాలోనే వదిలేయాలి. ఒకదాని పద్ధతి ఇంకొకదానికి చేస్తే, ముఖ్యంగా వదలాల్సిన తలను కడిగి పారేస్తే, ఎంత బాగా తీసినా కణాలు చెత్తబుట్టలోకి పోతాయి. బ్రష్‌ను ట్రేలో పెట్టి ముందు ఫారం నింపే అలవాటు కూడా మంచిది కాదు, కణాలు కుచ్చుకే ఎండి అంటుకుపోతాయి.

గాజు స్లైడ్ పద్ధతిలో తీరు వేరు. చెక్క లేదా ప్లాస్టిక్ స్పాచులాను ముఖద్వారం చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిప్పుతారు. లోపలి రంధ్రానికి వేరే సన్నటి బ్రష్, దాన్ని పావు చుట్టు నుంచి అర చుట్టు మాత్రమే. ఎక్కువ తిప్పితే రక్తం వచ్చి కణాల్ని కప్పేస్తుంది. స్లైడ్ మీద ఒక్క ఊపులో పల్చగా పూసి, క్షణాల్లో 95 శాతం ఆల్కహాల్‌లో ముంచాలి లేదా ఫిక్సేటివ్ స్ప్రే కొట్టాలి. ఈ ఒక్క పనిలో ఆలస్యమే కన్వెన్షనల్ స్మియర్‌కు పెద్ద శత్రువు. గాలికి ఆరిన కణం ఉబ్బుతుంది, న్యూక్లియస్‌లోని గీతలన్నీ అలుక్కుపోతాయి, రంగు సరిగ్గా పట్టదు. రిపోర్టులో ‘ఎయిర్ డ్రైయింగ్ ఆర్టిఫాక్ట్’ అని ఉంటే జరిగింది ఇదే. మీ శరీరానికి దానితో ఏ సంబంధమూ లేదు.

జెల్లీ సంగతి. స్పెక్యులమ్ (యోనిని తెరిచి ఉంచే పరికరం) నొప్పి లేకుండా వెళ్లాలని రాసే జెల్లీల్లో కొన్నింటిలో కార్బోమర్ అనే చిక్కటి పదార్థం ఉంటుంది. అది ఎల్‌బీసీ ఫిల్టర్‌కు అడ్డుపడి, స్లైడ్ మీదికి కణాలను చేరనివ్వదు. హెచ్‌పీవీ యంత్రాన్ని కూడా ఇది ఇబ్బంది పెట్టగలదు. గోరువెచ్చటి నీళ్లతో తడిపినా సరిపోతుంది, లేదా కార్బోమర్ లేని నీటి ఆధారిత జెల్లీ కొంచెం, కొన తగలకుండా.

ఇవి తీసేవాళ్ల చేతిలో ఉన్నవి. మీ చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. నెలసరి రోజుల్లో వద్దు. నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కేస్తే 10 నుంచి 20 రోజుల మధ్య అనువైన సమయం. ముందు 48 గంటలు సంభోగం, టాంపన్, యోనిలో పెట్టే మాత్రలు, క్రీములు, లోపలికి నీళ్లు కొట్టి కడుక్కోవడం, ఇవేవీ వద్దు. శుభ్రంగా వెళ్లాలని ఆ పొద్దున్నే లోపలంతా కడుక్కుని వెళ్లేవాళ్లున్నారు. పరీక్షకు కావలసిన కణాలే ఆ నీళ్లతో పోతాయి, బయట మామూలుగా స్నానం చేస్తే చాలు. ఫంగస్ క్రీముగానీ మెట్రోనిడజోల్ జెల్ గానీ వాడుతుంటే దాచకండి, ఆ కోర్సు అయ్యాకే తేదీ తీసుకోండి.

నొప్పి వల్ల పరీక్ష సగంలో ఆగిపోవడం కూడా శాంపిల్ చాలకపోవడానికి మామూలు కారణమే. చిన్న సైజు స్పెక్యులమ్ ఉందా అని అడగడంలో సిగ్గు పడాల్సిందేమీ లేదు. ముఖద్వారం కనిపించట్లేదంటే నడుము కింద పిడికిళ్లు పెట్టుకుంటే, లేదా ఒక పక్కకు తిరిగి పడుకుంటే దొరుకుతుంది. పోయినసారి ఎందుకు ఫెయిలైందో బల్ల ఎక్కకముందే చెప్పండి. రక్తం వల్ల అయితే చెయ్యి తేలిగ్గా పడుతుంది, కణాలు చాలక అయితే గట్టిగా.

ముట్లుడిగిన వాళ్లది వేరే కథ. ఈస్ట్రోజెన్ తగ్గాక ముఖద్వారం పొర పలచబడి పొడిబారుతుంది. ట్రాన్స్‌ఫర్మేషన్ జోన్ లోపలికి జరిగిపోతుంది. కణాలు తక్కువ రాలతాయి, రాలినవి కూడా చిన్నగా, న్యూక్లియస్ పెద్దగా కనబడే పారాబేసల్ కణాలు. అవి అనుమానపు కణాల్ని పోలి ఉంటాయి. రిపోర్టులో ‘ఎట్రోఫీ’ అని కారణం ఉంటే, డాక్టర్‌తో మాట్లాడి కొన్ని వారాలు యోనిలో రాసే ఈస్ట్రోజెన్ క్రీము వాడి, పరీక్షకు ముందు ఒకటి రెండు రోజులు ఆపి, అప్పుడు తీయిస్తే ఫలితం మారిపోతుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు ఈ క్రీము గురించి ముందు తమ క్యాన్సర్ డాక్టర్‌ను అడగాలి.

మళ్లీ ఎప్పుడు

అన్‌శాటిస్‌ఫాక్టరీ వస్తే 2 నుంచి 4 నెలల్లో మళ్లీ తీయమని ముఖద్వార పరీక్షల మీద పనిచేసే అమెరికా వైద్య సంస్థ ఏఎస్‌సీసీపీ మార్గదర్శకాలు చెబుతాయి, బ్రిటన్ స్క్రీనింగ్‌లో 3 నెలలు. మరుసటి వారమే ఎందుకు కాదంటే, గీకిన పొర మళ్లీ ఎదగాలి. ఇన్‌ఫెక్షన్ ఉంటే అది తగ్గి వాపు దిగాలి. తొందరపడి తీస్తే మళ్లీ చాలీచాలని శాంపిలే వస్తుంది. సంవత్సరం ఎందుకు ఆగకూడదంటే, ప్రస్తుతానికి మీకు ఏ ఫలితమూ లేదు. పరీక్ష చేయించుకోని వాళ్లతో సమానం.

వరసగా రెండుసార్లు అలాగే వస్తే మూడో స్మియర్‌తో కాలం గడపకుండా కాల్పోస్కోపీకి (ముఖద్వారాన్ని భూతద్దం లాంటి పరికరంతో చూసే పరీక్ష) వెళ్లాలి. హెచ్‌పీవీ పరీక్ష కూడా కలిపి చేసి, అందులో 16 లేదా 18 రకం ఉందని తేలితే మొదటిసారికే కాల్పోస్కోపీ. ‘హెచ్‌పీవీ నెగెటివ్ వచ్చిందిగా, స్మియర్ పాడైతే ఏం’ అంటారు కొందరు. కణాలే లేని శాంపిల్‌లో వైరస్ కూడా దొరకదు. ఆ నెగెటివ్‌ను నమ్మి వదిలేయకూడదు.

ఇంకొక్క విషయం, ఈ పోస్టులో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇది. సంభోగం తర్వాత రక్తం కనబడడం, ముట్లు ఆగిన ఏడాది తర్వాత మళ్లీ రక్తపు మరక, నెలసరి మధ్యలో రక్తం, దుర్వాసనతో నీళ్లలాంటి తెల్లబట్ట, వీటిలో ఏది ఉన్నా 3 నెలల లెక్క మీకు వర్తించదు. స్క్రీనింగ్ అనేది ఏ లక్షణమూ లేనివాళ్ల కోసం. ముదిరిన గడ్డ నుంచి రక్తం, కుళ్లిన కణజాలం ఊడి స్లైడ్‌ను కప్పేసి, రిపోర్ట్ అన్‌శాటిస్‌ఫాక్టరీగా వచ్చే సందర్భాలు నిజంగా ఉంటాయి. అలాంటప్పుడు కావలసింది ఇంకో స్మియర్ కాదు, గైనకాలజిస్ట్ స్వయంగా చూసి, కనబడినచోట బయాప్సీ తీయడం, అదీ ఈ వారమే.

శాంపిల్ బాగుంది, కణాలే అనుమానం

‘శాటిస్‌ఫాక్టరీ’ అని ఉండి కింద ఏఎస్‌సీ-యూఎస్ అని ఉంటే, డాక్టర్లు నోటిమాటగా ఆస్కస్ అనేది అదే. ప్రాముఖ్యం ఎంతో తేల్చలేని, మామూలుకు భిన్నమైన స్క్వేమస్ కణాలు. బ్రిటన్ రిపోర్టుల్లో దాదాపు ఇదే స్థాయిని ‘బోర్డర్‌లైన్’ అంటారు.

పేథాలజిస్ట్ చూసేది ఇలా ఉంటుంది. మామూలు ఇంటర్మీడియట్ కణం పెద్దగా, పల్చగా, అంచులు మడతపడి, మధ్యలో చుక్కంత న్యూక్లియస్‌తో ఉంటుంది. ఆస్కస్ కణంలో ఆ న్యూక్లియస్ వైశాల్యం రెండున్నర నుంచి మూడు రెట్లు పెరిగి ఉంటుంది, రంగు కాస్త ముదురు, అంచు కాస్త వంకర. ఇంకాస్త పెరిగి, చుట్టూ హెచ్‌పీవీ గుర్తయిన తెల్లటి వలయం కూడా కనబడితే ధైర్యంగా ఎల్‌ఎస్‌ఐఎల్ (తక్కువ స్థాయి మార్పు) అని రాస్తారు. మామూలుగా ఉండకుండా, అంత దాకానూ పోకుండా మధ్యలో ఆగినదే ఆస్కస్ కణం. ఇన్‌ఫెక్షన్ వాపు, ఎట్రోఫీ, గాలికి ఆరడం, ఇవన్నీ ఇదే ఆకారాన్ని తెప్పించగలవు. హెచ్‌పీవీ కూడా తెప్పించగలదు. కంటితో చూసి ఏది ఏదో చెప్పలేకపోవడం చదివేవాళ్ల చేతకానితనం కాదు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1990ల చివర్లో సుమారు 5,000 మందితో నడిపిన ఆల్ట్స్ అధ్యయనంలో, ఒకరు ఆస్కస్ అన్న స్లైడ్లను ఇంకొక నిపుణులకు చూపిస్తే సగం స్లైడ్లలో కూడా అదే మాట రాలేదు. అందుకే అదే స్లైడ్‌ను పదిమందికి చూపించి తిరగడం కన్నా వైరస్ ఉందో లేదో చూడడమే దగ్గరి దారి.

ఎల్‌బీసీ సీసా గుర్తుంది కదా, ఇప్పుడు పనికొస్తుంది. అందులో మిగిలిన ద్రవంతోనే హెచ్‌పీవీ పరీక్ష చేయొచ్చు, దీన్ని ‘రిఫ్లెక్స్ టెస్ట్’ అంటారు. సీసా కొన్ని వారాలే నిలవ ఉంటుంది, కాబట్టి రిపోర్ట్ వచ్చిన రోజే అడగండి. రక్తం వల్ల పాడైన ఎల్‌బీసీ శాంపిల్‌ను కూడా కొన్ని ల్యాబ్‌లు ఎసిటిక్ యాసిడ్‌తో ఎర్రకణాల్ని కరిగించి మళ్లీ స్లైడ్ చేయగలవు. అడిగితే పోయేదేమీ లేదు. గాజు స్లైడ్ అయితే ఈ వీలు లేదు, హెచ్‌పీవీకి కొత్తగా శాంపిల్ ఇవ్వాలి.

ఆస్కస్ ఉండి హెచ్‌పీవీ నెగెటివ్ అయితే, ఇప్పుడు సీఐఎన్ 3 అనే ముదిరిన ముందు దశ ఉండే అవకాశం వెయ్యికి ఒకటి కూడా ఉండదు. మూడేళ్ల తర్వాత మళ్లీ పరీక్ష చాలు. హెచ్‌పీవీ పాజిటివ్ అయితే అలాంటి వంద మందిలో నలుగురైదుగురికి సీఐఎన్ 3 లేదా అంతకు మించినది ఉంటుంది. ఏఎస్‌సీసీపీ 2019 మార్గదర్శకాలు కాల్పోస్కోపీకి పెట్టుకున్న గీత కూడా సరిగ్గా అక్కడే ఉంది, 4 శాతం. అందుకే పంపిస్తారు. మిగతా తొంభై అయిదు మందికి ఆ స్థాయి జబ్బేమీ ఉండదు. హెచ్‌పీవీ పరీక్ష దొరకని చోట ఏడాదికి స్మియర్ మళ్లీ చేయాలి. 25 ఏళ్ల లోపు వాళ్లకు హెచ్‌పీవీ చాలా మామూలు, ఎక్కువమందిలో ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. వాళ్లను వెంటనే కాల్పోస్కోపీకి తోయకుండా ఏడాది తర్వాత స్మియర్‌తో చూడడమే మంచి పద్ధతి.

ఆస్కస్‌కు చివరి అక్షరాల తేడాతో ఇంకోటుంది: ఏఎస్‌సీ-హెచ్. ఇందులో హైగ్రేడ్ (ముదిరిన ముందు దశ) జబ్బు కాదని కొట్టిపారేయలేమని పేథాలజిస్ట్ చెబుతున్నారు. దీనికి హెచ్‌పీవీ ఫలితం కోసం ఆగరు, అది నెగెటివ్ వచ్చినా సరే కాల్పోస్కోపీ చేయాల్సిందే. ఈ రెండింటినీ ఒక గాటన కట్టి ‘ఏడాది తర్వాత రండి’ అని ఎవరైనా అంటే రిపోర్టులో ఆ చివరి అక్షరాన్ని వేలు పెట్టి చూపించండి.

ఏజీసీ అంటే గ్రంథి కణాల్లో తేడా. ఇవి ముఖద్వారం లోపలి నాళం నుంచి రావచ్చు, గర్భసంచి లోపలి పొర నుంచీ రావచ్చు. అరుదుగానే వస్తుంది కానీ తేలిగ్గా తీసుకునేది కాదు. కాల్పోస్కోపీతో పాటు లోపలి నాళం నుంచి కూడా ముక్క తీస్తారు. 35 ఏళ్లు దాటినా, అంతకు చిన్నవాళ్లయినా రక్తస్రావం తేడాగా ఉన్నా, అధిక బరువు ఉన్నా, ఏళ్ల తరబడి నెలసరి క్రమం తప్పినా ఎండోమెట్రియల్ బయాప్సీ (గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీయడం) కూడా చేస్తారు. హెచ్‌పీవీ నెగెటివ్ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు, గర్భసంచి పొర క్యాన్సర్‌కు హెచ్‌పీవీతో పని లేదు.

‘ఇన్‌ఫ్లమేటరీ స్మియర్’, ‘రియాక్టివ్ చేంజెస్’, ‘క్యాండిడా’, ‘షిఫ్ట్ ఇన్ ఫ్లోరా’, ఇవన్నీ ఈ జాబితాలోకి రానే రావు. ఇవి నెగెటివ్ రిపోర్టులోని అదనపు వివరాలు. పైన ‘ఎన్‌ఐఎల్‌ఎం’ (క్యాన్సర్, దాని ముందు మార్పులు కనబడలేదని) అని ఉందా చూసుకోండి, అది ఉంటే స్క్రీనింగ్ వరకు మీరు పాసైనట్టే. దురద, మంట, వాసన లాంటివి ఉంటే మందులు వాడాలి. ఏమీ లేకుండా స్మియర్‌లో ‘ఇన్‌ఫ్లమేషన్’ అన్న ఒక్క మాట చూసి యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు మింగడంలో అర్థం లేదు.

హెచ్‌పీవీ యంత్రం ‘ఇన్‌వాలిడ్’ అంటే

చాలా హెచ్‌పీవీ పరీక్షలు వైరస్‌తో పాటు ఒక మనిషి జన్యువును కూడా వెతుకుతాయి, కొన్నింటిలో అది బీటా గ్లోబిన్. శాంపిల్‌లో మనిషి కణాలు ఉంటే అది దొరికి తీరాలి. వైరస్ దొరకక, మనిషి జన్యువు కూడా దొరకకపోతే, కణాలు లేవన్నమాట, లేదా రక్తమో మ్యూకసో క్రీమో రసాయన చర్యను అడ్డుకుందన్నమాట. అప్పుడు యంత్రం నెగెటివ్ అనకుండా ‘ఇన్‌వాలిడ్’ అంటుంది. ‘ఎర్రర్’ అయితే సాధారణంగా యంత్రంలోనో కార్ట్రిడ్జ్‌లోనో లోపం. ల్యాబ్ అదే సీసాతో ఇంకోసారి నడిపి చూస్తుంది, అదీ కాకపోతే మీరు కొత్త శాంపిల్ ఇవ్వాలి.

శాంపిల్ మీరే తీసుకునే పద్ధతిలోనూ ఇది జరుగుతుంది: స్వాబ్ చాలినంత లోపలికి వెళ్లక, కిట్ మీద చెప్పినంత సేపు తిప్పక, తీశాక పుల్ల కొనను చేత్తో ముట్టుకుని. ఇందులో పాజిటివ్ వస్తే స్మియర్ కూడా కావాలంటే క్లినిక్‌కు వెళ్లక తప్పదు. యోని గోడల కణాలతో హెచ్‌పీవీ చూడొచ్చు గానీ, ముఖద్వారం కణాలు లేకుండా సైటాలజీ (స్లైడ్ మీద కణాలు చూడడం) కుదరదు.

హెచ్‌పీవీ పాజిటివ్, స్మియర్ నార్మల్ అన్న జంట ఫలితం కూడా మనుషుల్ని తికమక పెడుతుంది. 16 లేదా 18 రకమైతే స్మియర్ నార్మల్ అయినా కాల్పోస్కోపీ. ముఖద్వార క్యాన్సర్లలో 70 శాతం దాకా ఈ రెండింటివే. మిగతా హైరిస్క్ రకాలైతే సాధారణంగా ఏడాదికి మళ్లీ పరీక్ష. రిపోర్టులో రకం విడిగా రాయకపోతే అడిగి తెలుసుకోండి. ఈ వైరస్ ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు కాబట్టి, ఎప్పుడు సోకింది, ఎవరి నుంచి అన్నది ఏ పరీక్షా చెప్పదు. ఈ కాగితం పట్టుకుని ఇంట్లో పంచాయితీ పెట్టడానికి ఆధారం ఏమీ లేదు.

కాల్పోస్కోపీలోనూ తేలకపోతే

కాల్పోస్కోపీ అంటే భూతద్దం లాంటి పరికరంతో ముఖద్వారాన్ని చూడడం. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ యాసిడ్ రాసి, ఒక నిమిషం ఆగి, తెల్లగా మారిన చోట్ల నుంచి చిన్న ముక్కలు తీస్తారు. రిపోర్టులో ‘ట్రాన్స్‌ఫర్మేషన్ జోన్ టైప్ 3’ అని ఉంటే ఆ వలయం పై అంచు లోపలికి పోయి పూర్తిగా కనబడలేదని అర్థం. అలాంటప్పుడు పైకి ఏమీ కనబడలేదన్న మాటకు విలువ తక్కువ. లోపలి నాళం నుంచి శాంపిల్ తీశారో లేదో అడగండి. గర్భిణులకు మాత్రం లోపలి నాళం గీకరు, మిగతా కాల్పోస్కోపీ చేయొచ్చు.

ఆస్కస్ అన్న ఒక్క రిపోర్ట్ మీద బయాప్సీ లేకుండా ముఖద్వారం కాల్చేయడం, లీప్ (కరెంటు తీగతో ముక్క కోసి తీయడం) చేయడం, ఇంకా ఘోరంగా గర్భసంచే తీసేయడం, ఏ మార్గదర్శకంలోనూ లేవు. అలా సలహా ఇస్తే ‘బయాప్సీలో ఏముంది, సీఐఎన్ ఎంత’ అని అడగండి. దానికి జవాబు లేకపోతే ఆ ఆపరేషన్‌కు తేదీ తీసుకోకండి. తొందర కూడా లేదు: హెచ్‌పీవీ సోకినప్పటి నుంచి క్యాన్సర్ దాకా మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉండి చికిత్స అందనివాళ్లకు 5 నుంచి 10 ఏళ్లే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి మందులు వాడేవాళ్లు, ఇదివరకు సీఐఎన్‌కు చికిత్స అయినవాళ్లు పైన చెప్పిన గడువులను తమ డాక్టర్‌తో విడిగా సరిచూసుకోవాలి. వాళ్లకు చాలావాటికి గడువు తక్కువ.

రెండో అభిప్రాయానికి వెళ్తే కాగితాలు ఒక్కటే చాలవు. బయాప్సీ అయితే స్లైడ్లు, బ్లాకులు (మైనంలో దాచిన ముక్కలు) రెండూ ల్యాబ్ నుంచి సంతకం పెట్టి తీసుకోవచ్చు, పాప్ స్లైడ్ కూడా ఇస్తారు. పాత రిపోర్టులన్నీ తేదీ వరసలో పెట్టుకోండి. గత అయిదేళ్లలో ఒక్క హెచ్‌పీవీ నెగెటివ్ ఉన్నా ఇవాళ్టి ఫలితానికి లెక్క మారుతుంది, కొన్నిసార్లు కాల్పోస్కోపీ అక్కరలేకుండా ఏడాది తర్వాతి పరీక్షతో సరిపోతుంది. క్లినిక్ ఫోన్ చేసి పిలుస్తుందని కూర్చోకండి. తిరిగి రావాల్సిన తేదీని బయటికొచ్చే ముందే ఫైలు అట్ట మీద రాయించుకుని, అదే రోజుకు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.